కిటికీలోంచి వేసిన అతుకు

"లోపలికి రావద్దని ఎవరూ ఎప్పుడూ అనలేదండి మేష్టారూ. అనాల్సిన అవసరం రాకుండా చూసుకునేవారు. ఆయ్."

పాపారావు తన ఇంటి అరుగు మీద కూర్చుని కిరసనాయిలు గుడ్డతో పైపు రెంచీ తుడుస్తున్నాడు. ఎదురుగా ముత్యాలరాజు మేష్టారు. రాజోలు హైస్కూలుకి లెక్కలు చెప్పడానికి కొత్తగా వచ్చిన మనిషి. అద్దెగదిలో కుళాయి బాగుచేయించుకుందామని పేటలోకి వచ్చి, మాటల్లో పడిపోయేడు. సాయంత్రాలు సూర్యారావు గారి మనవరాలికి ట్యూషన్ చెబుతాడు. "ఆ ఇంటి పనులు కూడా మీరే చూస్తారటగా పాపారావు గారూ" అని ఊరికే అడిగేడు, అంతే. పాపారావుని 'గారూ' అన్నప్పుడల్లా, ఇంకెవరొచ్చేరా అని అతని భార్య రాహేలు వంటపాకలోంచి తొంగిచూస్తోంది.

ఒకప్పుడు ఊళ్ళో పెంకుటిళ్ళన్నీ పాపారావు చేతిమీదే ఉండేవి. వానలు పడకముందే కప్పెక్కి, పగిలిన పెంకు తీసి, పుచ్చిన వాసం మార్చి, వరస సర్దాలి. సూర్యారావు గారింట్లో నిచ్చెన ఎప్పుడూ పెరటివైపే, పశువులపాక పక్కన. అటే ఎక్కడం, అటే దిగడం.

"వంటింటి మీద రెండు పెంకులు తీస్తే ఇల్లంతా కనపడేదండి. ముసలమ్మగారు కనకమహాలక్ష్మి గారు కింద ఆవకాయ కలుపుతూ, 'ఒరే పాపారావూ, కిందకి చూడకు' అనేవారు. 'నా చూపు పెంకుల మీదే ఉందండమ్మగారూ' అనేవాణ్ణి. అబద్ధమండి. ఎన్ని జాడీలున్నాయో, ఏ జాడీకి మూత విరిగిందో అన్నీ తెలుసు నాకు. నేను దిగేక కింద పసుపునీళ్ళు చల్లేవారు. దుమ్ము అణగడానికేమో అనుకునేవాణ్ణి."

"దుమ్ముకి పసుపెందుకంట?" అంది రాహేలు లోపల్నుంచి.

"ఇదిగో, అప్పుడూ ఇదే మాట అందండి. నాకు రావలసిన అనుమానం దీనికి వచ్చేది."

తొంభై ఆరు తుఫానులో ఆ ఇంటి కప్పు సగం ఎగిరిపోయింది. దూలం వంగింది, వాసాలు విరిగి గదుల్లో పడ్డాయి. బాగుచెయ్యడానికి పట్టిన పదకొండు రోజులూ పాపారావు ఆ ఇంట్లో ఎటు పడితే అటు తిరిగేడు. పడకగదిలో నిలబడి వాసాలు కొలిచేడు. దేవుడి గదిలో పీట వేసుకుని మేకులు కొట్టేడు. ఎవరూ ఏమీ అనలేదు. ముసలమ్మగారే మంచినీళ్ళు తెచ్చి గట్టు మీద పెట్టేరు. పన్నెండో రోజు పొద్దున చివరి వరస పెంకు పైనుంచి పరిచి, పెరట్లోకి దిగేడు. తిరిగి చూస్తే నడవ తలుపు వేసి ఉంది.

"నా చేతుల్తో నేనే మూసుకున్నానండి. పెంకు కాదు, దారి."

అయినా ఆశ పోలేదు. ఆ ఇంటి గుమ్మంలోంచి పనికి పిలిపించుకోవాలన్నది ఒక్కటే అతనికి పట్టుకుంది. అమలాపురంలో ఒక మేస్త్రీ దగ్గర రెండేళ్ళు ఉండి పైపుల పనీ, కరెంటు పనీ నేర్చుకున్నాడు. రెండు వేల ఒకటిలో సూర్యారావు గారు పెంకుటిల్లు పడగొట్టి డాబా కట్టేరు. పాపారావు సంబరపడ్డాడు. డాబాకి పైనుంచి దారుండదు. కుళాయి వంటింట్లో ఉంటుంది, స్విచ్చి హాల్లో ఉంటుంది. ఇంక పిలిస్తే గుమ్మంలోంచే పిలవాలి.

"ఇల్లు మారితే మనుషులు మారతారా?" అంది రాహేలు అప్పుడు. తర్వాత రెండేళ్ళపాటు ఆ ఇంటి నుంచి పిలుపు రాలేదు.

పోయిన శ్రావణంలో వచ్చింది. వంటింటి సింకు కింద గోడ చెమ్మెక్కుతోంది, పక్కగదిలో బియ్యం బస్తాలు తడుస్తున్నాయి. అమలాపురం నుంచి దుర్గారావు అనే ప్లంబరు రెండుసార్లు వచ్చి బాగుచేసినా ఆగలేదు. పాపారావు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని వీధివైపు వెళ్ళేడు. సూర్యారావు గారు వరండాలోనే ఉన్నారు. చాలా మర్యాదగా అన్నారు.

"ఎండన పడి వచ్చేవు పాపారావూ. పెరటివైపు నీడగా ఉంది, అటు రా."

పెరట్లో వంటింటి కిటికీ. కిటికీకి లోపల, సింకు కింద గొంతుక్కూర్చుని దుర్గారావు.

"నువ్వు చూసి చెప్పు, అతను చేస్తాడు" అన్నారు సూర్యారావు గారు.

పాపారావు బయటిగోడకి చెవి ఆనించేడు. లోపల కుళాయి తిప్పమన్నాడు, ఆపమన్నాడు. మళ్ళీ తిప్పమన్నాడు.

"సింకు కింద పైపు మలుపు తిరిగేచోట రెండో ఎల్బో. కుడివైపు జానెడు కిందకి గోడ కొట్టు. బలంగా బిగించి చిట్లగొట్టేవు."

"బయట్నుంచి నీకు కనపడిందా?" అన్నాడు దుర్గారావు ఎకసెక్కంగా.

"వినపడింది."

గోడ కొట్టేరు. చిట్లిన ఎల్బో అక్కడే ఉంది. ఊడదీయడానికి దుర్గారావు దగ్గరున్న రెంచీ చాల్లేదు. పాపారావు తనది కిటికీ ఊచల మధ్య నుంచి అందించేడు.

"నా రెంచీ వెళ్ళిందండి లోపలికి. నేను వెళ్ళలేదు."

"ఈసారి పిలిస్తే రెంచీనే పంపించు. పీట వేసి కూర్చోబెడతారు" అంది రాహేలు. మేష్టారికి నవ్వాలో వద్దో తెలియలేదు. పాపారావు మాత్రం నవ్వలేదు.

కొత్త ఎల్బో బిగించే పైపు మరల మీద, నీళ్ళు కారకుండా వేసే నారని దుర్గారావు ఎదురు చుట్టడం కిటికీలోంచి కనపడింది. అలా చుడితే బిగించేటప్పుడే విప్పుకుపోతుంది. "అటు కాదు, మర తిరిగేవైపు చుట్టు" అని అరిచేడు. "తెలుసులేవయ్యా" అంటూ దుర్గారావు వీపు తిప్పేడు. మళ్ళీ చుట్టేడో, అదే బిగించేడో ఆ వీపు వెనక కనపడలేదు. సిమెంటు పూసేసేరు. సూర్యారావు గారు దుర్గారావు భుజం తట్టి, "పనోడివయ్యా" అన్నారు. రెంచీ కడిగి, కిటికీలోంచే తిరిగిచ్చేరు.

"పది నెలలైందండి. కారకపోతే ఎవరూ కబురు పెట్టరు. కారితే అమలాపురం కబురు పంపుతారు. నేను వెయ్యని అతుకు కోసం నిద్దరపట్టకపోవడం ఏమిటండీ నాకు?"

"కారుతోందో లేదో రేపు నేనే సూర్యారావు గారిని అడుగుతాను. ఇదేం పద్ధతని కూడా అడుగుతాను" అన్నాడు మేష్టారు లేస్తూ.

"వద్దండి బాబూ. మీ ట్యూషన్ పోతుంది, నా మాటా పోతుంది. నా పేరెత్తకండి." పాపారావు కూడా లేచేడు. "టిఫిను పెడతారు కదా మీకు, చెయ్యి కడుక్కోవడానికి వంటింట్లోకే వెళ్తారు కదా. కడుక్కోకముందే, సింకు కింద కుడిచేతి పక్క గోడకి పొడిగా ఉన్న ఎడం అరచెయ్యి ఆనించండి. ఊరికే ముట్టుకుంటే సిమెంటు చల్లదనానికి మోసపోతారు. పది లెక్కపెట్టేదాకా ఉంచి, తీసి, అరచెయ్యి చూసుకోండి. చూసుకుని ఇటే వచ్చి చెప్పండి. తడిగా ఉన్నా సరే, చెప్పండి."