మా బావ కాలు, వాళ్ళ ఫ్లెక్సీ

అనకాపల్లి నాలుగు రోడ్ల జంక్షన్‌లో నాది ఫ్లెక్సీల షాపు. పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, దినాలు, పదవులు, అన్నీ నా మిషన్లోంచే బయటికొస్తాయి. అంచేత ఈ ఊళ్ళో గౌరవం ఎలా తయారవుతుందో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. ఆగస్టులో ఒకసారి, జనవరిలో ఒకసారి మా పరదేశి బావ ఫొటో కూడా వస్తుంది. పైన 'వీర జవాను' అని పెద్దక్షరాలు, పక్కన వేయించినవాడి ఫొటో. వేయించినవాడి ఫొటో ఎప్పుడూ బావ ఫొటో కంటే పెద్దదే.

బావ మా కుమారక్క మొగుడు. కొండకర్ల పక్కన చెరుకు పండించే ఇంట్లో పుట్టి, మీసం రాకముందే మిలటరీలో చేరాడు. కాశ్మీరు సరిహద్దులో మందుపాతర మీద అడుగేశాడు. ఎడమకాలు మోకాలి కిందనుంచి పోయింది. పింఛనిచ్చి ఇంటికి పంపేశారు. అప్పటికి కూతురు లావణ్య చంకబిడ్డ. ఇంటికొచ్చాక ఆయన చేసిన మొదటి పని, పెట్టుడు కాలి మీద బూటు దాకా దిగేలా నాలుగు పేంట్లు కుట్టించుకోవడం. ఆ పేంటుకి ఇస్త్రీ మడత చెడకూడదు. పొలానికి కూడా లుంగీతో వెళ్ళడు. ఎదురొచ్చే మనిషి ముందు కాలు చూసి, తరవాత మొహం చూస్తే ఆయనకు గిట్టదు. వాళ్ళ వీధిలో పిల్లలకి ఆయన కుంటుతాడని తెలుసుగానీ, ఆ కాలు ఎలా ఉంటుందో ఒక్కడూ చూసి ఎరగడు.

లావణ్య నర్సింగులో చేరింది. యుద్ధంలోనో సరిహద్దులోనో అవయవం పోగొట్టుకున్నవాళ్ళ పిల్లలకు చదువు సాయం ఉంది. నాలుగేళ్ళ చదువుకి నాలుగేళ్ళూ ఇస్తారు. రెండేళ్ళు ఠంచనుగా వచ్చింది. మూడో ఏడు బావ మొండికాలు చీము పట్టి ఎముక దాకా పాకింది. మళ్ళీ కొంత కొయ్యాలన్నారు. విశాఖ ఆసుపత్రిలో కోశారు. అక్క అచ్యుతాపురంలో కంపెనీ పనికి వెళ్తుంది. తెల్లారేసరికి కంపెనీ బస్సు ఎక్కకపోతే ఆ పని ఇంకొకరిది. మంచం పక్కన ఉండాల్సింది లావణ్యే. ఉంది. కట్లు మార్చింది, బట్టలుతికింది, ఆయన కోపగించుకుని అన్నం తోసేస్తే మళ్ళీ కలిపి పెట్టింది. అలా నెలలు గడిచాయి. తిరిగి వెళ్ళేసరికి హాజరు చాల్లేదని కాలేజీవాళ్ళు ఏడాది వెనక్కి నెట్టారు.

సాయం మాత్రం వెనక్కి జరగలేదు. నాలుగేళ్ళు నిండగానే ఆగిపోయింది. చదువు ఇంకో ఏడాది ఉంది. బావా నేనూ ఆ సాయమిచ్చే ఆఫీసుకి వెళ్ళాం. అక్కడాయన లేచి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. మర్యాదకేం తక్కువ లేదు.

"గడువైపోయిందండీ. నియమం అలా ఉంది," అన్నాడు.

ఏ కాలు చూసి సాయం ఇస్తున్నారో ఆ కాలు కోసమే పిల్ల ఏడాది పోగొట్టుకుంది కదయ్యా అన్నాను. నా గొంతు పెరిగింది. పక్క గదిలోంచి తొంగి చూశారు. ఆయన నొచ్చుకుంటూనే, "మీరు చెప్పింది న్యాయమేనండీ. కానీ గడువు గడువే కదా," అన్నాడు.

బయటికొచ్చాక బావ మెట్ల దగ్గర ఆగాడు. "నా కాలుకి గడువెప్పుడైపోద్దో అడగడం మరిసిపోయేన్రా శ్రీహరీ," అన్నాడు. నవ్వుతూ అనలేదు.

అక్క చెవులవి తాకట్టుకి వెళ్ళాయి. నేను చేతనైంది సర్దాను. ఆ ఏడు చెరుకు కోత కూలికే సరిపోయింది. సగం ఫీజు కట్టాం. మిగతా సగం కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వమని కాలేజీవాళ్ళు చెప్పేశారు. ఫిబ్రవరిలో ఆఖరి పరీక్షలు. అవి తప్పితే ఇంకో ఏడాది, దానికి ఇంకో ఫీజు. అంటే ఇంక చదువు లేనట్టే. లావణ్య రోజూ కరెస్పాండెంటు గది ముందు బెంచీ మీద కూర్చుని, ఆయన కారెక్కి వెళ్ళాక ఇంటికొచ్చేది.

జనవరిలో ఆ కాలేజీ మేనేజరు ధనరాజ్ నా షాపుకొచ్చాడు. రిపబ్లిక్ డేకి ఫ్లెక్సీ వెయ్యాలి, ముఖ్య అతిథి ఈయన, అని ఫోన్లో ఫొటో చూపించాడు. మా బావ. పోయినేడు నేను వేసిన ఫ్లెక్సీలోంచే తీసిన ఫొటో.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఈయన కూతురికే కదా మీరు హాల్ టికెట్ ఆపింది?" అన్నాను.

"అది అకౌంట్సు వాళ్ళండీ. ఇది కల్చరల్ కమిటీ," అన్నాడు ధనరాజ్. సిగ్గు అనే పదార్థం వాడి ఒంట్లో ఏ మూలా లేదు.

వెళ్ళొద్దని బావతో దెబ్బలాడాను. "ఎల్తాను. ఫీజు సంగతి జెండాకేటి తెలుసు?" అన్నాడు.

వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. జెండా ఎగిరింది, బావ సెల్యూట్ చేశాడు. శాలువా కప్పారు. కరెస్పాండెంటు గారు కాసేపు దేశం గురించీ, చాలాసేపు తన గురించీ మాట్లాడి, పిల్లలకు సందేశం ఇవ్వమని మైకు బావ చేతిలో పెట్టాడు. బావ నాలుగు మాటలు కలిపి మాట్లాడే మనిషి కాదు.

"మా లావణ్య ఈ కాలేజీయే. అదుగో, ఎనకాల నిలుసుంది. ఫీజు బాకీ ఉందని పరీచ్చకి రానివ్వమన్నారు. నన్ను మాత్రం ఈయేల లోపలికి రానిచ్చేరు. జై హింద్," అని మైకు తిరిగిచ్చేశాడు.

వెనక వరసలో పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు. ఫోన్లు పైకి లేచాయి. ఉన్నమాటంటే ఉలుకెక్కువంటారు గానీ కరెస్పాండెంటు ఉలిక్కిపడలేదు. అంత తెలివితక్కువవాడైతే కాలేజీ పెట్టేవాడే కాదు. ఫోన్ల వైపు తిరిగి, లావణ్య బాకీ ఈ క్షణం నుంచి మాఫీ అని ప్రకటించి, బావని కౌగిలించుకున్నాడు. అబద్ధం ఎందుకు, నేనూ చప్పట్లు కొట్టాను.

రెండ్రోజులకి లావణ్య హాల్ టికెట్ కోసం వెళ్తే, ఒక చిన్న పని మిగిలిందమ్మా అని ధనరాజ్ దాన్ని వెంటబెట్టుకుని మళ్ళీ నా షాపుకే వచ్చాడు. జంక్షన్‌లో కట్టడానికి పెద్ద ఫ్లెక్సీ కావాలి. కరెస్పాండెంటు గారు మాఫీ పత్రం అందిస్తూ ఉండాలి. బావ కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాలి. వెనకాల లావణ్య దండం పెడుతూ నిలబడాలి. పైన 'అపర దానకర్ణుడు'.

"ఇంకొక్కటేనండీ. కాలు కనపడాలి. పేంటు మోకాలి దాకా మడిస్తే చాలు. లేకపోతే ఎందుకు మాఫీ చేశారో చూసేవాళ్ళకి తెలీదు కదా," అన్నాడు.

"దిగు, ముందు మెట్లు దిగు," అన్నాను. వాడు దిగుతూనే, ఫ్లెక్సీ లేచాక హాల్ టికెట్ అనేసి బండెక్కాడు.

లావణ్య కౌంటరు పట్టుకుని నిలబడిపోయింది. "నాన్నకి సెప్పకు మావయ్యా. పరీక్షలు ఒగ్గేత్తాను," అంది. ఐదేళ్ళ చదువు. ఆ మాట మామూలుగా అనేసింది, అదే నాకు భయమేసింది.

నేను చెప్పలేదు. ధనరాజే బావకి ఫోన్ చేశాడు. మర్నాడు పొద్దున్న నేను షట్టరు ఎత్తేసరికి బావ మెట్ల మీద ఉన్నాడు. కొత్తగా ఇస్త్రీ చేసిన పేంటు, పాలిష్ చేసిన బూట్లు. లోపలికొచ్చి ఫొటోల కుర్చీలో కూర్చుని, వంగి, పేంటు మడవడం మొదలుపెట్టాడు. ఒక్కో మడతా సమంగా, మిలటరీలో దుప్పటి మడిచినట్టు. మోకాలి దాకా. ఇనప కడ్డీ, పట్టీలు, కింద బూటులో దూర్చిన ప్లాస్టిక్ పాదం. ఇన్నేళ్ళ బావమరిదిని, నేను కూడా అప్పుడే చూశాను.

"వద్దు బావా," అన్నాను.

"గొంగట్లో కూకుని తింటా ఎంట్రుకలేరుకుంటే ఎలాగరా. తియ్యి. డాట్రు ముందు ఇప్పి సూపించలేదేటి? ఇదీ అంతే."

"అంతే కాదు."

"తెలుసు. తియ్యి," అన్నాడు.

తీశాను. ధనరాజ్ మీద, కరెస్పాండెంటు మీద, కుర్చీ వేసి టీ ఇచ్చి గడువు గడువే అన్న ఆ పెద్దమనిషి మీద, చివరికి మడత చెడకుండా కూర్చున్న మా బావ మీద కూడా నాకు పట్టరాని కోపం వచ్చింది. మొదటి ఫొటో మసగ్గా వచ్చింది. రెండోసారి తియ్యాల్సొచ్చింది. ఆయన రెండోసారి కూడా చెయ్యి చాపాడు.

బావ ఒప్పుకున్నాక లావణ్యకీ దండం పెట్టి ఫొటో ఇవ్వక తప్పలేదు. ఫ్లెక్సీ లేచింది. సాయంత్రానికి హాల్ టికెట్ వచ్చింది. ఆ రోజునుంచి బావ మా ఊరొస్తే జంక్షన్‌కి ఒక స్టాపు ముందే బస్సు దిగి, వెనక సందుల్లోంచి చుట్టు తిరిగి నడిచొచ్చేవాడు. ఆ కాలితో. ఏం బావా, ఆటో ఎక్కొచ్చు కదా అని నేనడగలేదు. అడిగితే ఆయన కారణం చెప్పాల్సొస్తుంది.

ఆఖరి పరీక్ష అయిన మధ్యాహ్నం లావణ్య తెల్ల యూనిఫాంలోనే షాపుకొచ్చింది. మార్కులు వేసేది యూనివర్సిటీ, కాలేజీ చేతిలో ఏమీ లేదు. ఆ సంగతి దానికి బాగా తెలుసు.

"మావయ్యా, ఫ్లెక్సీ కోసే కత్తి ఇయ్యి. నిచ్చెన పట్టుకో," అంది.

జంక్షన్ నిండా జనం. బెల్లం లారీ ఒకటి అడ్డంగా ఆగింది. ఎవరైనా ఆపుతారేమోనని చూశాను. ఆపినవాణ్ణి ఆ నిచ్చెనతోనే కొట్టేంత కసి మీద ఉన్నాను. ఎవరూ ఆపలేదు. లావణ్య పైకెక్కి వాళ్ళ నాన్న తల దగ్గర కత్తి దింపి, భుజాలు, కుర్చీ, కాలు, బూటు, అన్నిటి చుట్టూ నిదానంగా కోసుకుంటూ వచ్చింది. తరవాత దండం పెట్టే తన బొమ్మ కోసింది. రెండు ముక్కలూ చుట్టి చంకలో పెట్టుకుని దిగింది. కరెస్పాండెంటుని ముట్టుకోలేదు.

ఇంట్లో బావ ఆ ముక్క నేలమీద పరిపించుకుని చాలాసేపు చూశాడు. "కాలు కాడ బాగా కోసేవే గుంటా. ఆ డాట్రు కన్నా నువ్వే నయం," అని నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళొచ్చాయి. తరవాత దాన్ని నీళ్ళపొయ్యిలో పెట్టమన్నాడు. నల్లటి పొగ, ఇల్లంతా కంపు. అక్క తిట్టింది.

జంక్షన్‌లో కరెస్పాండెంటు గారు ఇంకా నవ్వుతూ కాయితం అందిస్తూనే ఉన్నారు, మనిషంత కంతకి. ఆ కంతలోంచి వెనకాల చికెన్ షాపు బోర్డు కనపడుతుంది. మర్నాడే ధనరాజ్ ఫోన్ చేశాడు. మళ్ళీ ప్రింటు కొట్టమన్నాడు. ఫైలు చెరిపేశానన్నాను. అయితే ఇంకోసారి ఫొటో తీద్దాం, మీ బావగారిని పంపండి అన్నాడు.

"గడువైపోయిందండీ. నియమం అలా ఉంది," అన్నాను. "కాలే కావాలంటే మీ సారుని పేంటు మడుచుకుని రమ్మనండి. ఫొటో ఉచితంగా తీస్తాను."