జోనంగి మేడం

బుధవారం పొద్దున బడిలో ప్రార్థన జరుగుతుండగా ఫోన్ మోగింది. తీయలేదు. రెండోసారి మోగితే వరండా చివరికి వెళ్ళి మాట్లాడాను. మేడం ఇంటి మేడ మీద కిరాయికి ఉండే ఆమె.

"సార్, మేడం పోయిన్రు. చాయ్ ఇద్దామని పోయి తలుపు కొడితే తియ్యలే. గీ పక్కింటోళ్ళు వచ్చి తలుపు తీసిన్రు" అని ఏడ్చింది.

నేను తుర్కయంజాల్ దగ్గర సర్కారు బడిలో జీవశాస్త్రం చెబుతాను. హెడ్మాస్టరుకు చెప్పి ఎల్బీనగర్ వెళ్ళేసరికి ఆమెను హాల్లో చాప మీద పడుకోబెట్టారు. ముఖం మీద ఏ బాధా లేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టర్ చెప్పాడట. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. తమ్ముడి కొడుకు విజయవాడ నుంచి వచ్చేదాకా పాత విద్యార్థులం ఇద్దరు ముగ్గురం, వీధిలోని ఆడవాళ్ళు కొందరు ఆమె చుట్టూ కూర్చున్నాం. చుట్టాలం కాని మాకు ఎలా ఏడవాలో తెలియలేదు.

ఒకప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంసెట్ కోచింగ్ తీసుకున్నవాళ్ళు ఈ పేజీ చదివేవాళ్ళలో ఉంటే వాళ్ళకు ఆమె గుర్తుండే ఉంటారు. కింద మెస్సు, పైన క్లాసులు ఉన్న ఇరుకు మేడ. సాంబారు వాసనలో కప్ప గుండె పాఠం వినేవాళ్ళం. జువాలజీ మేడం సన్నగా, పొడుగ్గా ఉండేవారు. సుద్దముక్కల్ని చేతిరుమాల్లో చుట్టుకుని తెచ్చుకునేవారు. బోర్డు మీద గుండె బొమ్మ గీశాక, అది చెరపడానికి మనసు రానట్టు కాసేపు అలాగే ఉంచేవారు. మార్కులు తక్కువొచ్చినవాణ్ణి ఎన్నడూ లేపి నిలబెట్టలేదు. "రేపు ఇంటికి రా, మళ్ళీ చెబుతాను" అనేవారు. నేను చాలాసార్లు వెళ్ళాను.

అలా వెళ్ళిన మొదటిసారే ఆ కుక్కల్ని చూశాను. ఎల్బీనగర్ వెనక సందులో చిన్న ఇల్లు. వీధిలో అన్ని ఇళ్ళకూ ముందు గచ్చు ఉంది, ఆమె ఇంటి ముందు మాత్రం మట్టి. ఆ మట్టిలో గోతులు తవ్వుకుని, తలలు మాత్రం కనిపించేలా రెండు కుక్కలు పడుకుని ఉన్నాయి. లేత గోధుమరంగు, ఒంటికి అతుక్కుపోయిన పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు. నన్ను చూసి మొరగలేదు. గొంతెత్తి ఏదో పాడినట్టు కూశాయి.

"ఏం కుక్కలు మేడం ఇవి? వీధి కుక్కల్లెక్కనే ఉన్నయి" అన్నాను.

"అందుకే కదా వీటి గతి ఇలా అయింది" అన్నారామె. "వీధి కుక్కలా ఉంటుంది కాబట్టి ఎవరూ లెక్కచేయరు. దీన్ని జోనంగి అంటారు. మా కొల్లేరు వైపు కుక్క."

ఆమె నాన్నగారు బాతులు మేపేవారట. కోతలైన చేలల్లో బాతుల మందను వదిలితే, చెదిరిపోకుండా చూసేది ఈ కుక్కే. ఒక్క బాతుకూ పన్ను తగలకుండా మందనంతా గట్టు మీదికి తోలుకొచ్చేదని చెబుతున్నప్పుడు ఆమె చేతులు కూడా గాలిలో బాతుల్ని తోలేవి. ఆ తర్వాత చేలన్నీ చేపల చెరువులయ్యాయి. బాతులు పోయాయి. పని లేని కుక్కలు చెరువుల్లో దిగి చేపలు పట్టేవి, గట్లు తవ్వేవి. చెరువుల వాళ్ళు మందు పెట్టి చంపడం మొదలుపెట్టారు. ఆమె ఇక్కడ ఉద్యోగంలో కుదురుకుని కొన్నేళ్ళకు ఊరు వెళ్తే, తను ఆడుకుంటూ పెరిగిన ఆ జాతి ఊళ్ళో ఒక్కటీ కనిపించలేదట. చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి ఒక జంటను సంపాదించి, చేపల వ్యాన్‌లో కూర్చుని హైదరాబాద్ తెచ్చుకున్నారు.

"పులి అంతరించిపోతుందంటే పేపర్లో వేస్తారు. మా కుక్క అంతరించిపోతే వీధిలో ఒక కుక్క తగ్గిందనుకుంటారు" అన్నారు ఆ రోజు. క్లాసులో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆ మాట దగ్గర కాస్త గట్టిగా అన్నారు. మేం ఆమెకు జోనంగి మేడం అని పేరు పెట్టుకున్నాం. తెలిసినా ఏమీ అనలేదు.

నాకు మెడిసిన్ సీటు రాలేదు. బీఎస్సీ, తర్వాత బీఈడీ చేశాను. మా ఊరు హయత్‌నగర్ పక్కనే కావడంతో రాకపోకలు తగ్గలేదు. ఆ రోజుల్లోనే తెలంగాణ ఉద్యమం మళ్ళీ రాజుకుంది. నేను ధర్నాలకు వెళ్ళేవాణ్ణి, రోడ్ల మీద వంటావార్పులో కూర్చునేవాణ్ణి. దిల్‌సుఖ్‌నగర్‌లో సగం రోజులు కోచింగు సెంటర్ల షట్టర్లు మూసే ఉండేవి. మేడం ఇంటి గోడ మీద ఎవరో "గో బ్యాక్" అని ఎర్ర రంగుతో రాశారు. నేను సున్నం తెస్తానంటే వద్దన్నారు.

"వానకు అదే పోతుందిలే. నువ్వు సున్నం కొడితే రేపు నిన్నంటారు."

అప్పటికి ఆమె దగ్గర మిగిలింది ఆ జంటకు పుట్టిన ఒక ఆడకుక్క మాత్రమే. పేరు గోదారి. దాన్ని అదే ఇంటి రక్తంతో కలపకూడదని, వేరే చోట పుట్టిన మగదాని కోసం ఏళ్ళ తరబడి వెతుకుతున్నారు. సకల జనుల సమ్మె జరుగుతున్నప్పుడు కొల్లేరు అవతల ఒక ముసలాయన దగ్గర మగకుక్క ఉందని కబురొచ్చింది. గోదారి ఎదకు వచ్చి ఉంది. వయసు మీద పడుతోంది, మళ్ళీ ఎదకొచ్చేదాకా ఆగితే ఏమవుతుందో తెలియదు. బస్సులు లేవు, రైళ్ళు ఎక్కడ ఆగుతాయో తెలియదు. ఎవరికీ చెప్పకుండా ఆమె వెళ్ళారు.

పెద్ద అంబర్‌పేట దగ్గర హైవే మీద మేం రాస్తారోకోలో ఉన్నాం. విజయవాడ వైపు నుంచి ఒక వ్యాన్ వచ్చి ఆగింది. నంబరు చూడగానే ఎక్కడి బండో తెలిసిపోయి, పోరగాళ్ళు చుట్టుముట్టారు. ముందు సీట్లోంచి మేడం దిగారు. చేతిలో తాడు. తాడు చివర, జనాన్ని చూసి బెదిరిపోయిన ఎర్రమట్టి రంగు కుక్క.

మా మండలంలో ఉద్యమం నడిపే అన్న ముందుకొచ్చాడు. "ఏందమ్మా, గీ కుక్క కోసం గంత దూరం పోయినవా? హైదరాబాద్‌ల కుక్కలే లేవా?"

"ఉన్నాయి నాయనా. కానీ మా ఆడకుక్కకు సంబంధం అక్కడ కుదిరింది" అన్నారు మేడం.

కొందరు నవ్వారు. వెనక నుంచి ఒకడు "కుక్క గూడ ఆంధ్రాదేనానే!" అని అరిచాడు. నవ్వు కాస్తా వేరే రకంగా మారబోయింది. నేను తోసుకుని వెళ్ళి, "అన్నా, మా మేడం. నాకు చదువు చెప్పింది" అన్నాను.

అన్న ఆమె వైపు, కుక్క వైపు చూశాడు. "బండి ఇడిసేది లేదు మేడం. నడిసి పోతానంటే ఎవ్వరు ఆపరు. పొండి" అన్నాడు. ఎవరో నీళ్ళ ప్యాకెట్ చింపి కుక్క ముందు పట్టారు. అది తాగింది.

నేనూ ఆమె వెంట బయల్దేరాను. వాహనాలు లేని హైవే. ఎండ నెత్తిన ఉంది. అరిగిపోయిన రబ్బరు చెప్పులతో, మోకాలి నొప్పితో ఆమె కుంటుతూ నడిచారు.

"మా మీద కోపముందా మేడం?" అని అడిగాను.

"దేనికి?"

"బండి ఆపినం కదా. గోడ మీద రాసిన్రు కదా."

ఆమె నడుస్తూనే చెప్పారు. "ఎవరి ఊరు వాళ్ళకి కావాలనుకోవడం తప్పెలా అవుతుంది? నాక్కూడా మా ఊరు కావాలి. కాకపోతే అది చేపల చెరువు కింద ఉంది. ఎవరి మీద ధర్నా చెయ్యను చెప్పు?"

ఆమె చేతిలోని తాడు నేను అందుకుని నడిచాను.

హయత్‌నగర్ చేరేసరికి ఆమె పాదాలు బొబ్బలెక్కాయి. మా ఇంట్లో ఆగారు. అమ్మ గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి కాళ్ళు కడగబోతే మేడం కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. అమ్మ ఒప్పుకోలేదు. కడిగి, కొబ్బరి నూనె రాసింది. తర్వాత కుక్కను చూసి, "గీ కుక్క కోసమా మేడం గింత పరేషాన్? మన వాకిట్ల పండుకునే దాని తీర్గనే ఉన్నది గదా" అంది.

"అవునమ్మా, అలాగే ఉంటుంది" అన్నారు మేడం, కుక్క నుదుటి ముడతలు నిమురుతూ.

ఆ చలికాలంలో గోదారి నాలుగు పిల్లల్ని కన్నది. మేడం అంత సంతోషంగా ఉండగా నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. తల్లి పక్కనే మట్టిలో కూర్చుని, కళ్ళు తెరవని పిల్లల్ని ఒక్కొక్కటే అరచేతిలో పెట్టుకుని నుదురు చూసేవారు. ముడతలు ఉన్నాయా లేదా అని.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. రెండు పిల్లలు రక్తవిరేచనాలతో వారం తిరక్కుండా పోయాయి. సూదిమందు వేయించడానికి ఆమె రిక్షాలో, ఆటోలో తిరగని పశువుల దవాఖాన లేదు. బతికిన రెండింటిలో మగపిల్లను కొత్తపేటలో ఒక కుటుంబానికి ఇచ్చారు. ఒకరోజు గేటు తీసి ఉంటే అది బయటికి వెళ్ళింది. వీధి కుక్క అనుకుని కుక్కల బండి వాళ్ళు ఎత్తుకుపోయారు. మేడం వెళ్ళి బోన్లన్నీ వెతికారు. దొరకలేదు. ఆడకుక్కపిల్లను తీసుకున్న కుర్రాడు మాత్రం తానే తెచ్చి వదిలేశాడు. "సారీ మేడం, ఇంటికొచ్చినవాళ్ళందరూ వీధి కుక్కను పెంచుతున్నావా అని నవ్వుతున్నారండి" అన్నాడు. ఆమె అతణ్ణి తిట్టలేదు. కుక్కపిల్లను తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

గోదారితో జత కలిశాక మగకుక్క మళ్ళీ మా ఇంటికే వచ్చి ఉండిపోయింది. మేడం ఇంట్లో చోటు చాలక అమ్మే ఉంచమంది. బాతులు లేవు కాబట్టి అది అమ్మ కోళ్ళను తోలేది. పొద్దుగూకే వేళకు, ఎవరూ చెప్పకుండానే, వీధంతా తిరిగి ఒక్కొక్క కోడినీ పోగుచేసి గంప దగ్గరికి తెచ్చేది. అమ్మ అరుగు మీద కూర్చుని, "చూస్తివా బిడ్డా, గిది మనిషి తీర్గ తెలివి గలది" అని మురిసిపోయేది. ఒక సాయంత్రం తప్పిపోయిన కోడిని తోలుకొస్తూ హైవే దాటబోయి లారీ కింద పడింది. అమ్మ రోడ్డు మీద కూర్చుని ఏడ్చింది. మేడంకు ఫోన్ చేసి చెప్పాను. "కోడి బతికిందా?" అని అడిగారు. బతికిందన్నాను. "మరి అది తన పని తాను చేసింది" అని ఫోన్ పెట్టేశారు.

రాష్ట్రం వచ్చిన రోజు ఎల్బీనగర్ చౌరస్తా అంతా టపాసులు, గులాలు. నేను మిఠాయి పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. చప్పుళ్ళకు బెదిరిన తల్లీ పిల్లా కుక్కల్ని చెరోపక్కా ఒళ్ళోకి లాక్కుని, లోపలి గదిలో నేల మీద కూర్చుని ఉన్నారు. మిఠాయి నోట్లో పెట్టుకుని, "సంతోషం నాయనా. మీకు కావలసింది మీకు దక్కింది" అన్నారు. నిజంగానే అన్నారు. ఆ గొంతులో వెలితి ఉంటే అది నా వల్ల కాదని నాకు తెలుసు.

గోదారి ముసలిదై చనిపోయింది. దాని కూతురికి జతను వెతుకుతూ మేడం ప్రతి ఎండాకాలం ఊళ్ళు తిరిగారు. ఎవరో ఫొటో పంపితే వెళ్ళేవారు, అది కాదని తెలుసుకుని తిరిగొచ్చేవారు. తిరిగొచ్చిన ప్రతిసారీ ముఖం కాస్త పాలిపోయేది. రిటైరయ్యాక మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. ఆ కుక్క కూడా పిల్లల్లేకుండానే, నిరుడు వానాకాలంలో, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పోయింది. ఇద్దరం కలిసి పెరట్లో పాతిపెట్టాం. వారం తర్వాత వెళ్తే ఇంటి ముందు మేస్త్రీ గచ్చు వేస్తున్నాడు.

"ఎందుకు మేడం?" అన్నాను.

"ఇంక తవ్వేవాళ్ళు ఎవరున్నారు?" అన్నారు. ఆ తర్వాత కుక్కల మాట మా మధ్య రాలేదు. నేను వెళ్తే పాఠాలు ఎలా చెబుతున్నావని అడిగేవారు. పిల్లల్ని కొట్టకు అనేవారు. మాటల మధ్యలో ఆగి, బయటి చప్పుళ్ళు వినేవారు.

దినాలు అయ్యాక తమ్ముడి కొడుకు అస్థికలు తీసుకుని ఊరికి బయల్దేరితే నేనూ అతని కారెక్కాను. ఊరు అంటే ఏమీ లేదు. కనుచూపు మేర చెరువులు, మధ్యలో గట్లు, నీళ్ళను చిలుకుతూ తిరిగే చక్రాలు. "మా తాతగారిల్లు ఆ మూల ఉండేదటండి" అని అతను నీళ్ళలోకి చెయ్యి చూపించాడు. చెరువు ఎవరిదో కాబట్టి, పక్కనున్న కాలువలో కలిపాం. బూడిద కాసేపు నీటి మీద ఆగి, మెల్లగా కదిలి వెళ్ళిపోయింది.

తిరిగి వస్తుంటే గట్టు మీద కాపలావాడి రేకుల షెడ్డు ఉంది. మేత బస్తాల నీడలో, బలమైన గొలుసుకు కట్టేసిన ఒక పెద్ద కుక్క. ఒళ్ళంతా దట్టమైన జూలు. ఎండకు నాలుక నేలకు వేలాడేసి రొప్పుతోంది.

"ఆసామి హైదరాబాదు నుంచి తెప్పించారండి. జాతి కుక్కండి" అన్నాడు కాపలావాడు. "ఈ ఎండకి తాళలేదండి, పాపం. గంటకోసారి తడపాలండి."

అతను బకెట్‌తో చెరువులో నీళ్ళు ముంచి దాని మీద పోశాడు. కుక్క ఒకసారి ఒళ్ళు విదిలించుకుంది. గొలుసు పొడవు ఉన్నంత దూరం నడిచి, అక్కడ ఆగి, ఇంకా ముందుకు చూస్తూ, మళ్ళీ గట్టు మీద కూలబడింది.