పొయ్యిలు చూసి పత్రం రాసిన మనిషి

మా నొత్తేరయ్య పోయాడని నాకు చెప్పింది పాలు పోసే ఆమె. గురువారం పొద్దున చెంబులోకి పాలు వంచుతూ, "నొత్తేరయ్య తెల్లారేతలికి పోయినారంట సామీ. నిద్దట్లోనే. ఇంక ఆ ఇంటికి అరసేరు తగ్గించుకోవాల" అంది. పక్క వాకిలికి వెళ్లిపోయింది. నేను చెంబు పట్టుకుని గడప దగ్గరే నిలబడిపోయాను. ఈ మాట ఎవరితోనైనా చెప్పాలనిపించింది. ఇంట్లో చెప్పడానికి ఎవరూ లేరు. అందుకే మీకు చెబుతున్నాను.

నొత్తేరంటే తెలియనివాళ్లు మీలో ఉండవచ్చు. ఈ పుదుచ్చేరిలో ఇల్లుగానీ పొలంగానీ చేతులు మారాలంటే పత్రం రాసి, చదివి వినిపించి, ఇరువైపులవాళ్ల చేతా చేవ్రాలు చేయించే సర్కారు మనిషి ఆయన. కొనేవాడు పిలిచినా, అమ్మేవాడు పిలిచినా ఇద్దరి మంచీ చూడాలి. అలా చూసేవాళ్లు ఎందరో నాకు తెలియదు. ఒకాయన్ని మాత్రం చూశాను. ఆయన నాకు చుట్టం కాడు, స్నేహితుడని చెప్పుకోవడానికీ లేదు. ఇన్నేళ్లలో మా ఇంట్లో మంచినీళ్లు తాగింది రెండుసార్లే.

నేను సైగోను రేవు కచేరీలో ఇరవై రెండేళ్లు గుమాస్తాగా చేశాను. నా భార్య అక్కడే జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. కొలువు చాలించి ఓడ దిగేసరికి ఊళ్లో నన్ను గుర్తుపట్టినవాడు మా చిన్నాన్న కొడుకు ఒక్కడే, నాకు తమ్ముడు. కొన్నాళ్లు వాళ్లింట్లో ఉన్నాను. బాగానే చూశారు. కానీ నేను వస్తే వాళ్లు మాటలు ఆపేసేవాళ్లు, నేను పోయాక మళ్లీ నవ్వుకునేవాళ్లు. తప్పు వాళ్లది కాదు. నాకో ఇల్లు కావాలనిపించింది.

నెల్లితోపుకు పోయే దారిలో ఒక పెంకుటిల్లు దళారి చూపించాడు. అమ్మేది మిల్లులో మేస్త్రీ. ముందు పడసాల, మధ్యలో రెండు గదులు, వెనక బావి. నాకు నచ్చింది. తాంబూలాలు మార్చుకున్నాం. ఇక పత్రం ఎవరిచేత రాయించాలన్నది మిగిలింది.

మా తమ్ముడు కాలువకు అవతల, దొరల వీధుల్లో ఉండే ఒక పెద్ద నొత్తేరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన మొహం కూడా మాకు కనబడలేదు. బంట్రోతు నా కాగితాలు తీసుకుని పదిహేను రోజులకు వచ్చి చేవ్రాలు చేసిపొమ్మన్నాడు. దళారి ఇంకొకాయన పేరు చెప్పాడు, మూడు రోజుల్లో పని అయిపోతుందన్నాడు. మా తమ్ముడి వీధిలోనే ఉన్న నొత్తేరయ్య గురించి అడిగితే అందరిదీ ఒకే మాట. "ఆయనా? ఆయన సాగదీస్తాడబ్బా. వెయ్యి ప్రశ్నలేస్తాడు." ఆయన్ని ఎందుకు ఎంచుకున్నావని ఇప్పుడెవరైనా అడిగితే గొప్ప కారణం చెప్పాలని ఉంటుంది. నిజం మాత్రం ఇదీ: అప్పట్లో నాకు మోకాలి నొప్పి. ఆయన కచేరీ మా తమ్ముడింటికి నాలుగిళ్ల అవతల ఉండేది.

కచేరీ అంటే ఆయన ఉండే ఇంటి ముందుగదే. సన్నటి మనిషి, నెరిసిన మీసం, తెల్ల కోటు మీద ఉత్తరీయం. కోటు కుడి చేతి అంచు ఎప్పుడూ సిరాతో నల్లగా ఉండేది. నేను కాగితాలు ముందు పెడితే వాటిని ముట్టుకోలేదు.

"ఎవరికోసం కొంటా ఉండావప్పా?"

"నాకోసమే అయ్యా."

"ఇంట్లో ఇంకెవరుండారు?"

"ఎవరూ లేరు."

ఆయన చేతిలో కలం కింద పెట్టాడు. తర్వాత, "సరే. రేపు పొద్దున ఇల్లు చూసొద్దాం" అన్నాడు.

"నేను చూసినానయ్యా. మీరు కాయితాలు చూస్తే చాలు."

"నువ్వు గోడలు చూసింటావు. నేను పొయ్యిలు చూడాల."

ఆ మాట నాకు అర్థం కాలేదు. మర్నాడు ఆయన వెనక నడిచాను. ఎర్రటి ఎండ. గొడుగు చంకలో పెట్టుకున్నాడే గాని తెరవలేదు. గుమ్మం ముందు చెప్పులు విడిచి, ఎవరి పూజగదిలోకో పోతున్నట్టు లోపలికి అడుగుపెట్టాడు. వంటింట్లో పొయ్యి చూశాడు. మేస్త్రీ తాళంచెవులు తిప్పుతూ మా వెనకే ఉన్నాడు. నొత్తేరయ్య బావి దాటి పెరట్లోకి పోయాడు. అక్కడ గోడకు ఆనించి వేసిన పంచ ఒకటుంది, చిన్న పాకంత. నేను మొదటిసారి వచ్చినప్పుడు దాని తలుపు మూసి ఉంది, కట్టెల కొట్టమనుకున్నాను. పంచలో మూలన చిన్న మట్టి పొయ్యి. నొత్తేరయ్య వంగి, బూడిద మీద అరచెయ్యి ఆనించాడు.

"కాక ఇంకా ఆరలా. ఈ పొయ్యి ఎవరిది?"

"ఎవరో దూరపు బంధువయ్యా" అన్నాడు మేస్త్రీ. "వారంలో పోతాది."

అంతలో పెరటి దారిన ఒకామె చంకలో పుల్లలమోపుతో వచ్చింది. తెల్లచీర, యాభై ఏళ్ల మనిషి. మమ్మల్ని చూసి ఆగిపోయింది.

"అమ్మా, మీ నాయన పేరేంది తల్లీ?" అన్నాడు నొత్తేరయ్య.

ఆమె మేస్త్రీ వైపు చూసింది. పుల్లలు కింద పెట్టి, నెమ్మదిగా ఒక పేరు చెప్పింది. అమ్మేవాడి తండ్రిదని నా చేతిలో కాగితంలో రాసున్న పేరూ అదే.

మేస్త్రీ మొహం ఎర్రబడింది. "అక్కే, కాదన్నానా? మొగుడు పోతే తెచ్చి పెట్టుకొని కూడు పెడతా ఉండా. ఆడబిడ్డకు ఇంట్లో భాగమేందయ్యా, మనవాళ్లలో యాడైనా ఉండాదా?"

"మనవాళ్లలో లేదు. మీ ఇంట్లో ఉండాది" అన్నాడు నొత్తేరయ్య. గొంతు పెంచలేదు. "మీ నాయన మన ఆచారం వద్దు, ఫ్రెంచి చట్టమే చాలునని కచేరీలో రాసిచ్చినాడు. ఆ చట్టంలో కొడుకూ కూతురూ ఒకటే. ఆ పొద్దు నేను కుర్ర గుమాస్తాని, సిరాబుడ్డి పట్టుకొని మీ నాయన పక్కనే నిలబడుండా."

కాలువకు అవతలి పెద్దాయనకు చట్టం ఇంతకంటే బాగా తెలిసి ఉంటుంది. కానీ ఆ పొద్దు సిరాబుడ్డి పట్టుకున్నది ఈయన.

తిరుగుదారిలో నాకు కోపం ఆగలేదు. "మీరు చేసేది నా పనా, ఆమె పనా?" అన్నాను.

"పత్రం పని" అన్నాడు. "కాయితం అబద్ధం చెప్పదప్పా. అడగనిది చెప్పదు, అంతే. అడిగేది నా పని."

ఈ మాట దాచకుండా చెప్పాలి. నేను దళారి చెప్పిన నొత్తేరు దగ్గరికి పోయాను. మూడో రోజే రమ్మన్నారు. అక్కడ నొత్తేరు లేడు, ఆయన గుమాస్తా ఉన్నాడు. పత్రం అప్పటికే రాసి ఉంది. మేస్త్రీ చేవ్రాలు చేసేశాడు. గుమాస్తా కలం నా వైపు తిప్పి, "ఇంట్లో వేరే ఎవరైనా ఉండారా అనేది ఒకటి రాయాల. ఎవరూ లేరని రాసేస్తా. అంతే గదా?" అన్నాడు.

అందరూ నా మొహం చూశారు. ఎవరూ లేరు. ఓడ దిగినప్పుడు రేవులో అడిగితే ఆ మాటే చెప్పాను. మా తమ్ముడి భార్య అడిగితే చెప్పాను. నొత్తేరయ్యకూ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అది నిజం. మొదటిసారి దాన్ని అబద్ధంగా చెప్పాల్సి వచ్చింది. పుల్లలు కింద పెట్టిన మనిషి కళ్లముందు నిలబడి ఉంటే, ఎవరూ లేరని ఎట్లా అనేది? లేచి బయటికి వచ్చేశాను. దళారి వీధి మలుపుదాకా తిట్టుకుంటూ వెంట వచ్చాడు.

నొత్తేరయ్య ముందుగదిలో కూచుని ఏదో రాసుకుంటున్నాడు. నేను ఎక్కడినుంచి వస్తున్నానో ఆయనకు తెలుసని చూడగానే తెలిసింది. "కూచో, ఎండన పడి వచ్చినావు" అని లోపలికి కేకేసి మజ్జిగ తెప్పించాడు. అంతే. ఆ తర్వాత ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

మేస్త్రీని ఆయనే పిలిపించాడు. రేపు మీ అక్క కోర్టుకెక్కితే ఈ అమ్మకం నిలవదని చెప్పాడట. వారం తర్వాత ఆ ముందుగదిలో నలుగురం కూచున్నాం. ఆమె గోడవారగా, తలుపు దగ్గర.

"నీకేం కావాల తల్లీ?"

"నాకేం వద్దు సామీ."

"ఏం వద్దనేది పత్రంలో రాయలేను. ఏం కావాల్నో చెప్పు."

"ఆ పంచలో పుట్టినాను. సచ్చిందాకా ఆడనే ఉండనిస్తే చాలు."

నొత్తేరయ్య ఆమె భాగం ఆమె చేతికే అందేట్టు రాశాడు. పంచ, బావి నీళ్లు, పెరటి దారి బతికున్నన్నాళ్లూ ఆమెవని కూడా రాశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "విన్నావు గదా. ఇల్లు నీది, పంచ ఆమెది. ఇష్టం లేకుంటే ఇప్పుడే లేచిపో, తప్పు లేదు. చేవ్రాలు చేసినాక మాత్రం గొణగగూడదు."

ఫ్రెంచిలో రాసిన పత్రాన్ని నిలబడి తెలుగులో చదివాడు. మన వీధుల్లో తెలుగు మాట్లాడేవాళ్లే గాని ఫ్రెంచి చదవగలిగేవాళ్లు ఎందరు? ఆమె మాట వచ్చిన చోట ఆగి, ఇంకోసారి చదివాడు. ఆమె తలాడించేదాకా తర్వాతి వరుసకు పోలేదు. ఆమె వేలిముద్ర వేసింది. నేను చేవ్రాలు చేశాను. ఏడాదిపాటు గొణిగాను కూడా.

ఆ ఇంట్లో మేమిద్దరం తొమ్మిదేళ్లున్నాం, మధ్యలో ఒక గోడ, ఒక బావి. ఆమె నన్ను తంబీ అనేది, నేను అక్కా అనేవాణ్ణి. రోజుకు నాలుగు మాటలుంటే ఎక్కువ. "తంబీ, చేదతాడు తెగేట్టుండాది." "మారుస్తాలే అక్కా." పండగనాడు బావిగట్టు మీద మూతపెట్టిన గిన్నె ఒకటి ఉండేది. ఖాళీ గిన్నె అక్కడే పెట్టేవాణ్ణి. కానీ పొద్దున్నే ఆమె రోట్లో పచ్చడి నూరుతుంటే ఆ చప్పుడుకు లేచేవాణ్ణి. ఒకసారి నాకు నాలుగు రోజులు జ్వరం వస్తే, కిటికీ బయట నిలబడి, "తంబీ, ఉండావా?" అని పూటపూటా అడిగింది. లోపలికి రాలేదు. "ఉండానక్కా" అనేవాణ్ణి. ఉన్నానని చెప్పడానికి మనిషికి ఇంకొక మనిషి కావాలని అప్పుడు తెలిసింది.

నిరుటి ముందేడు వానల్లో ఆమె పోయింది. మేస్త్రీ వచ్చి జరిపించాల్సింది జరిపించి వెళ్లాడు. కొన్నాళ్లకు నొత్తేరయ్య వచ్చాడు. ఆమె హక్కు తీరిపోయిందని పత్రంలో రాయాలి కాబట్టి తన కళ్లతో చూడాలన్నాడు. చెప్పులు విడిచి పంచలోకి పోయి చాలాసేపు నిలబడ్డాడు. బయటికొచ్చి, "ఇంక ఇల్లంతా నీదేనప్పా" అన్నాడు. అభినందన చెప్పే గొంతు కాదది. నేనూ సంతోషపడలేదు. మంచినీళ్లడిగి తాగాడు. ఆ పంచను ఎవరికైనా అద్దెకిస్తావా అన్నాడు. చూద్దామన్నాను. ఇప్పటికీ ఇవ్వలేదు.

ఇంతమంది ఇళ్లకు పత్రాలు రాసిన ఆయన ఉన్నది అద్దె ఇంట్లో. ఆ రోజే అడిగాను, మీరెందుకు కొనుక్కోలేదని. మీసాల్లో నవ్వాడు. "నా పత్రం నేను రాసుకోగూడదు గదా. ఇంకొకరి దగ్గరికి పోవాల. ఎవరిమీదా నమ్మకం కుదరలా." ఆ నవ్వు తర్వాత ఇంకో మాట అన్నాడు. "నలభై ఏళ్లుగా ఊరందరి ఇళ్లలోకీ పోతా ఉండా. పని లేకుండా ఒక్కరింటికీ పోయెరగను." ఆ మాటకు నేను ఒకటి అనాల్సింది. మా ఇంటికి రండి, ఊరికే రండి, అని. రేపనొచ్చులే అనుకున్నాను. ఇంతకంటే నా దగ్గర ఆయనకు ఇవ్వడానికి ఏమీ లేదు, అదీ ఇవ్వలేదు.

పదకొండో రోజు వాళ్లింటికి పోయాను. కర్మ లోపల జరుగుతోంది, ముందుగది తలుపులు మూసి ఉన్నాయి. అరుగు మీద ఒక ముసలామె కూచుని ఉంది, ఒళ్లో గుడ్డలో చుట్టిన కాగితాలు. పాదాలనిండా ఎర్రదుమ్ము. సేదరపేట నుంచి నడిచొచ్చిందట.

"నొత్తేరయ్య ఉండారా నాయనా?"

చెప్పాను. ఆమెకు వినబడిందో లేదోనని మళ్లీ చెప్పాను.

"సరే" అంది. లేవలేదు. కాసేపటికి, "మరి ఇంకెవరి దగ్గరికి పోవాల?" అంది.

ఊళ్లో ఉన్న పేర్లన్నీ మనసులో తిప్పిచూశాను. పొయ్యిలు చూసే పేరు ఒక్కటీ లేదు. ఆమె నా మొహం చూసింది. మూట తన వైపుకు లాక్కుని, అరుగు మీద నాకు చోటిచ్చింది. కూచున్నాను. ఎండ వీధి మధ్యనుంచి అరుగు అంచుదాకా వచ్చింది. మూసిన ఆ తలుపులు చూస్తూ మేమిద్దరం చాలాసేపు అట్లాగే కూచున్నాం.