సున్నం గీతలు

పోచయ్యకు సున్నం గీతంటేనే భయం. ఒకప్పుడు రోడ్డు వెడల్పు చేస్తామంటూ వచ్చినవాళ్లు అతని చేను అంచున సున్నంతో గీత గీసి, "ఏం గాదు, ఉత్తగనే" అని చెప్పి పోయారు. ఆ గీతకు అవతల ఉన్నదంతా రోడ్డులో కలిసిపోయింది. అప్పటినుంచి కోరుట్ల పక్కనున్న తన ఊరు ఇబ్రహీంపట్నంలో ఎవరు నవ్వుతూ పలకరించినా, వీడికి నాతో ఏం పని పడిందోనని ఆరా తీసే మనిషయ్యాడు. పెళ్లి పిలుపులో కూడా మతలబు వెతికేవాడు.

అలాంటివాడి దగ్గరకు కోరుట్ల నుంచి మధుకర్ అనే వ్యాయామ టీచరు వచ్చాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కుర్రాళ్లు కలిసి బేస్‌బాల్ పోటీలు పెట్టుకున్నారని, కోరుట్ల జట్టుకు మైదానం లేదని, పసుపు తవ్వేసిన చేనును ఎండాకాలం వాడుకోనిమ్మని అడిగాడు.

"పోరగాండ్లు ఆడుకుంటరు, ఆడనియ్యి" అంది భార్య భూదేవి. పోచయ్య సరేనన్నాడు. అన్నాడే గానీ, రోజూ బోరు పక్కన కూర్చుని కాపలా కాసేవాడు.

మొదట్లో అనుమానించడానికి ఏమీ దొరకలేదు. అదే అతని అనుమానం. కుర్రాళ్లు బంతిని బాదేవాళ్లు, ఉరికేవాళ్లు, దుమ్ములో జారిపడేవాళ్లు. ఒకసారి తన మీదికి వచ్చిన బంతిని పోచయ్య ఒంటిచేత్తో పట్టేశాడు. వాళ్లు ఈలలు వేస్తే కోపం నటించాడు. నిజానికి ఆ పూట ఓ ముద్ద ఎక్కువే తిన్నాడు.

సిరిసిల్ల జట్టుతో ఆట ఖాయమైంది. ముందురోజు సాయంత్రం మధుకర్ టేపుతో చేను కొలిచాడు. మూలమూలకూ తెల్లటి పలక బిగించి, మధ్యలో సున్నం గీతలు గీశాడు. పోచయ్య బోరు దగ్గర నుంచి ఉరికొచ్చాడు.

"ఏంది సారూ గిది? ప్లాట్లు చేస్తున్నరా?"

"ప్లాట్లేంది కాకా! గీ గీతల పొంటి పలక నుంచి పలకకు ఉరకాలె. ఆట కోసం గీసినం, గంతే."

గంతే అంటే పోచయ్యకు నమ్మకం కుదరలేదు. తెల్లారగానే మోటారు వేసి చేనంతా నీళ్లు పెట్టాడు. భూదేవి అడ్డంపడినా వినలేదు.

సాంచెలనే మరమగ్గాల మీద నేత బంద్ పెట్టుకుని వచ్చిన సిరిసిల్ల కుర్రాళ్లు ఒడ్డున నిలబడి బురదను చూశారు. ఒక్కరూ తిట్టలేదు. మధుకర్ నీళ్లలోకి దిగి పలకలు పీక్కుని వెళ్లిపోయాడు. ఒకరోజు కూలి పోగొట్టుకున్న సిరిసిల్లవాళ్లు పోటీల నుంచి తప్పుకున్నారు. మిగిలిన రెండు జట్లతో పోటీలేం నడుస్తాయి? కోరుట్ల జట్టు ఒక్క ఎండాకాలమైనా నిండకుండానే చెదిరిపోయింది.

ప్లాట్లూ రాలేదు, చేను కోసం ఎవరూ రాలేదు. మరుసటేడు పసుపు తవ్వాక పోచయ్య తనంతట తానే నేల చదును చేసి ఎదురుచూశాడు. కుర్రాళ్ల అరుపుల్లేని చేను చూస్తే మనసు పీకేది. తప్పు చేశానని లోపల తెలుసు. చివరికి సిగ్గు చంపుకుని, బస్సెక్కి, కోరుట్ల బడిలో మధుకర్‌ను కలిశాడు.

"చేను ఖాళీగున్నది సారూ. పోరగాండ్లను తోల్కరా."

మధుకర్ ముఖం వెలిగింది. "నిజంగనా కాకా? ఇప్పుడే ఫోన్లు జేస్త. మళ్ల టీం కడుదం."

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోవాలనే అనుకున్నాడు కూడా. నోరు ఊరుకోలేదు.

"గని, ఏ కాయితం మీదన్న సంతకం అడగరు గద?"

మధుకర్ తీసిన ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"అడగం కాకా," అన్నాడు మెల్లగా. "ఇగ నిన్నేం అడగం."