నాలుగు జానల కాన్వాస్

నిన్న పొద్దున సెక్టార్ ఫైవ్ ఆఫీస్ బస్సులో ఉండగా అమ్మ ఫోన్.

"అప్పలరాజు మామ పోనాడ్రా."

ఏ అప్పలరాజు అని అడిగాను. మా వంశానికంతటికీ ఉన్నది ఒక్కడే. అయినా అడిగాను.

టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే ఒరిగిపోయాడట.

తెలియని మిత్రులకు సవినయ మనవి: మా మేనమామ ఖిదిర్‌పూర్‌లో సైన్‌బోర్డు పెయింటర్. ఐదు భాషల్లో బోర్డులు రాసేవాడు. చదవడం మాత్రం తెలుగొక్కటే వచ్చు.

నేను డిజిటల్ ఆర్టిస్టుని. ఈ బిరుదు నాకు నేనే ఇచ్చుకున్నాను.

రెండేళ్ల క్రితం బస్తీ అమ్మవారి పండక్కి బ్యానర్ నా డిజైనే. కాన్వాస్ వెయ్యి పిక్సెల్స్. ఫోన్‌లో అమ్మవారు ధగధగలాడింది. మామ ఇంటి పక్కన పది అడుగుల ఫ్లెక్స్ కట్టాక చూస్తే, ముఖం నిండా గళ్లు.

అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. ఫ్లెక్స్ వైపే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి, రోడ్డు దాటి, టీ కొట్టు దగ్గర ఆగి అరిచాడు.

"ఇక్కడ్నుంచి బాగుందిరా! జనాన్ని ఇక్కడే నిలబడమను!"

తర్వాత క్లాసు పీకాడు.

"గోడ కొలవకుండా బ్రష్షు ముంచీసినావేటిరా? ఎంత పెద్దది, ఎంత దూరం నుంచి సూత్తారు, ముందు అది అడగాల. తర్వాతే బొమ్మ."

ఆ రోజు నుంచి కొత్త కాన్వాస్ తెరవాలంటే మామ సంతకం తప్పనిసరి.

"నాలుగు జానలు పెట్టు."

అంటే ముప్ఫై ఆరు అంగుళాలు. అంగుళానికి మూడు వందల చొప్పున పదివేల ఎనిమిది వందల పిక్సెల్స్. టాబ్లెట్ రెండు లేయర్లకు మించి ఇవ్వనంది. ఆ తర్వాత హ్యాంగయింది.

"గోడ ఎప్పుడైనా హ్యాంగయిందేటిరా?"

నిన్న అత్త ఫోటో అడిగింది, దండ వేయడానికి.

ఊరందరి పేర్లూ రాసిన మనిషికి సరైన ఫోటో ఒక్కటి లేదు. ఉన్నది నా ఫోన్ డీపీ కోసం గీసిన మామ బొమ్మ. ఐదు వందల పిక్సెల్స్.

ఆ బ్యానర్ తర్వాత మామకు చెప్పకుండా తెరిచిన ఒకే ఒక్క కాన్వాస్.

ప్రింట్ షాపు బెంగాలీ అతను జూమ్ చేసి, "ఫేటే జాబే, దాదా," అన్నాడు. బొమ్మ పగిలిపోతుందట.

పగిలింది. మామ ఇంటి గుమ్మం పక్కన ఆనించి చూస్తే మామ లేడు. గళ్లే.

అత్తకు సారీ చెప్పబోయాను. ఆవిడ వినలేదు. మెల్లగా వెనక్కి నడిచి, రోడ్డు దాటి, ఆ టీ కొట్టు దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది.

"ఇక్కడ్నుంచి ఆయనేరా."

మామా, పదో రోజుకి మళ్లీ గీస్తున్నాను. నాలుగు జానలు. రెండే లేయర్లు. హ్యాంగైతే ఆగుతాను, నాకేం తొందర లేదు.

ఈసారి అత్త రోడ్డు దాటక్కర్లేదు.

వెళ్లిరా మామా. కొలతలు నేను చూసుకుంటాను, నువ్వు నిశ్చింతగా ఉండు.