తీగమీద పంచెగుడ్డ

యుద్ధం రోజులు. దోమల మందు చల్లుతూ కిందికి దిగిన విమానం టెలిగ్రాఫు తీగకు తగిలి మా పొలంలో కూలింది. కలుపు తీస్తున్న మా ఇంటాయన దాని కిందే పోయాడు. ఇంకో విమానానికైనా తీగ కనపడాలని, ఆయన పంచె చించి రాయి కట్టి, పిట్టల్ని తోలే ఒడిసెలతో తీగమీదికి విసిరాను. జపానువాళ్ళకు ఎవరో సైగ చేస్తున్నారంటూ పోలీసులు దాన్ని దింపేసి, ఊరంతా ఆరా తీశారు.

మర్నాడు కోటబొమ్మాళి స్టేషన్లో బూట్లాయన ఒకడు నా పక్కన కూర్చుని ఊరడిగాడు. చెప్పాక నాలిక కరుచుకున్నాను.

“మీ ఊరి తీగమీద గుడ్డ వేసిందెవరమ్మా?”

“నాకేటి తెలుస్తాది బాబూ? తీగలు సూసుకుంటా కూకున్నానా?”

“పైనుంచి తీగ కనపడదమ్మా. మొన్న ఆ గుడ్డ చూసి విమానం పైకెత్తాను. బతికాను,” అని చేతులు జోడించాడు.

పోలీసులు దణ్ణాలు కూడా పెడతారేమో, ఎవరికి తెలుసు?

ఇంటికొచ్చి ఇంకో పంచె చించాను.