ఎడమ స్టీరింగ్ బండి

ద్రౌపది మస్కట్‌లో పదకొండేళ్లు పనిచేసింది. సల్మా అనే రిటైరైన టీచరమ్మను కనిపెట్టుకుని, పనులన్నీ చేసిపెట్టడం ఆమె ఉద్యోగం. సొంతూళ్లో, నీలం నగర్ వాడలో బీడీలు చుట్టుకుని బతికిన మనిషికి ఆ సల్మాయే కారు నడపడం నేర్పింది. మొదటి రోజే ద్రౌపది కారును గేటుకు గుద్దింది. సల్మా కోప్పడలేదు. "గేటు మళ్లీ పెట్టించుకుంటాం. నువ్వు భయపడితే నన్ను ఆస్పత్రికి ఎవరు తీసుకుపోతారు?" అంది హిందీలో. పుట్టి బుద్ధెరిగాక తనను నమ్మి అంత పని చేతికిచ్చిన మనిషి ద్రౌపదికి ఇంకొకరు లేరు.

సల్మా కన్నుమూసిన నలభయ్యో రోజు ఆమె కొడుకు యూసుఫ్ కారు తాళం తెచ్చి ద్రౌపది చేతిలో పెట్టాడు. కారు కొని ఏడాది దాటింది, అంతే. అమ్మ నీకే ఇమ్మని చెప్పి పోయిందన్నాడు. కాగితాలు ఆమె పేరు మీదికి మార్పించాడు. మా అత్తను చూసుకోవడానికీ ఒక మనిషి కావాలి, ఇష్టమైతే ఇంకో రెండేళ్లుండు అని కూడా అన్నాడు.

ద్రౌపది మగడు శంకర్‌కు ఫోన్ చేసింది. అతను అదే ఊళ్లో, భవాని పేట్‌లో పవర్‌లూమ్ మీద టవల్స్ నేస్తాడు.

"ఉండమంటున్నరు. ఉండాల్నా, కారు తీస్కొని రావాల్నా?"

"తీస్కొని రా. ఉన్నది సాలు."

"ఈడి బండ్లకు స్టీరింగ్ ఎడమ దిక్కుంటది. మనకాడ నడవనిస్తరో లేదో, జర ఆర్టీవో ఆఫీసు కాడ అడుగు."

నాలుగు రోజులకు శంకర్ ఫోన్ చేశాడు. "అడిగిన. బరాబర్ నడుస్తదట."

ఇంటికి పంపగా కూడబెట్టుకున్నదంతా ఓడ కిరాయికి పెట్టి, కారును ముంబయికి పంపి, ద్రౌపది ఇల్లు చేరింది. అత్త బాలమణికి మోకాళ్ల నొప్పులని ఫోన్‌లో చెబుతూ వచ్చారు. తీరా వచ్చి చూస్తే ఒక పక్క చచ్చుబడి మంచంలో ఉంది. సరే, కారొస్తే ఆస్పత్రికి తిప్పుతాను అనుకుని ద్రౌపది కొంగు బిగించింది.

మూడు వారాలకు రేవు నుంచి కబురొచ్చింది. మొగుడూ పెళ్లాలిద్దరూ వెళ్లారు. ఆఫీసరు కాగితాలన్నీ తిరగేసి, "బాయి, ఎడమ స్టీరింగ్ గాడీని మన దేశంలోకి రానియ్యరు. వాపస్ పంపు, లేకుంటే వదులుకున్నట్టు రాసియ్యి" అన్నాడు మరాఠీలో.

"అడిగే తెచ్చినం సాబ్. నడుస్తదన్నరు."

"ఎవరన్నారు?"

ద్రౌపది శంకర్ వైపు చూసింది. అతను నీళ్ల సీసా మూత తిప్పుతున్నాడు. బయటికొచ్చాక అడిగింది.

"నిజం చెప్పు. ఎవలు చెప్పిన్రు?"

"ఆర్టీవో ఆఫీసుల రాదనే చెప్పిన్రు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు అక్కడనే ఉంటుంటివి. మా అవ్వ పడి ఎనిమిది నెలలాయె. ఎత్తేటోళ్లు లేరు, కడిగేటోళ్లు లేరు. పరాయి ముసల్దానికి పదకొండేండ్లు చేసినవు. మా అవ్వకు చెయ్యవా?"

వాపస్ పంపడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. సంతకం పెట్టింది. వెనక సీటులో సల్మా నడుముకు పెట్టుకునే చిన్న దిండు ఉంది, అదొక్కటి తీసుకుంటానని కాపలావాణ్ని బతిమాలింది. వాడు గేటు తియ్యలేదు.

కారేదని వాడలోవాళ్లంతా అడిగారు. "అక్కడనే అమ్ముకున్నది. ఆ పైసలు ఎక్కడ దాసిందో చెప్తలేదు" అన్నాడు శంకర్ అందరితో. పక్కింటి సారిక కూడా ఆ మాటే నమ్మింది.

రెండు నెలలకు యూసుఫ్ నుంచి మెసేజ్ వచ్చింది. అమ్మ కారు మీ ఊళ్లో తిరుగుతుంటే చూడాలనుంది, ఒక ఫోటో పంపమని. నిజం చెప్పాలంటే మగని మోసం చెప్పాలి. ఆ సిగ్గు ఆమె నోరు కట్టేసింది. కొంతం చౌక్‌లో అలాంటి తెల్ల కారే ఒకటి ఆగి ఉంటే, పక్కన నిలబడి సారికతో ఫోటో తీయించుకుంది. "ఏ బాయి, చెయ్యి తియ్, గీతలు పడతాయి" అని కారాయన నలుగురిలో కసురుకున్నాడు.

ఫోటో పంపిన కాసేపటికి జవాబొచ్చింది. "దీని స్టీరింగ్ కుడివైపు ఉంది. ఇది అమ్మ కారు కాదు. అమ్ముకుంటే అమ్ముకున్నానని చెప్పొచ్చు కదా ద్రౌపదీ. అమ్మ పేరు మీద అబద్ధం ఆడావు."

అప్పుడు జరిగిందంతా మాటల్లో రికార్డు చేసి పంపింది. అప్పటికే అతను ఆమె నంబరు బ్లాక్ చేశాడు, అది చేరలేదు. ఫోన్ చేసింది, కలవలేదు. మర్నాడు సారిక ఫోన్ నుంచి చేస్తే, ఆమె గొంతు వినగానే అతను పెట్టేశాడు.

లోపల బాలమణి పక్క తడుపుకుని గంటసేపయింది. ద్రౌపది బట్ట మారుస్తుంటే ముసలామె మొహం తిప్పుకుని అంది: "జీతమిస్తెనే జల్ది వస్తవేమో."

ద్రౌపది ఆమెను ఒక పక్కకు ఒత్తిగిలించి, వీపు తుడవడం మొదలుపెట్టింది.